ఐదో జాకెట్

మరిడమ్మ చెప్పినదాంట్లోంచి ఏడుపు తీసేస్తే మిగిలేది ఒక్క మాటే.

"ఎల్లుండి పొద్దున్న కోర్టుకి అట్టుకెల్తారంటమ్మా. ఎల్లినోడు మరెప్పటికొస్తాడు?"

ఆ మాటకి జవాబు తెలియకే డిటెక్టివ్ పద్మకుమారి తెల్లారగట్ల విజయనగరంలో బస్సెక్కి, కొత్తూరులో దిగి, కొంత ఆటోలో, కొంత కాలినడకన వంశధార ఒడ్డుకి చేరింది. తోడెవరూ లేరు. తోడు లేకపోవడం ఆమెకి కొత్త కాదు. సీఐగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక డిటెక్టివ్ బోర్డు కట్టిన మేడగదిలో రెండు కుర్చీలున్నాయి. రెండోదాని మీద ఎప్పుడూ ఉతికిన బట్టలే కూర్చుంటాయి. పెళ్ళికొడుకుల గుణగణాలు వాకబు చేయడం తప్ప ఆ గదికి వేరే పని రాదు. మరిడమ్మ వచ్చిన రోజు ఆ బట్టల్ని మంచం మీదికి మార్చాల్సి వచ్చింది.

పోలీసుల లెక్కలో కేసు అయిపోయినట్టే. డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురు పదిహేనేళ్ళ తర్వాత కలుసుకుని, ఒడిశా కొండల్లోంచి కళింగపట్నం సముద్రం దాకా రబ్బరు తెప్ప మీద ఏటి వెంట రావాలని బయల్దేరారు. దారంతా అడవి, బండలు, ఏనుగులు తిరిగే తోవలు. నీలిమడుగు దగ్గర ఇసుకలో డేరాలు వేసుకున్న రాత్రి వాళ్ళలో ఒకడు, శృంగవరపుకోట విలేకరి ధర్మేంద్ర, చచ్చిపోయాడు. పొద్దున మడుగు కింది బండల మధ్య శవం దొరికింది. తల వెనక దెబ్బ ఉంది. తాడు ఊడిన తెప్ప రెల్లుదుబ్బుల్లో చిక్కుకుని ఉంది. తెప్పలో ఒక జత చెప్పులు. అవి ఆ నలుగురిలో ఒకడు, మరిడమ్మ మొగుడు గంగులువి. ముందు సాయంత్రం గంగులు ధర్మేంద్ర మీద అరవడం మిగతా ఇద్దరూ విన్నారు. సీఐ గిరిబాబుకి అంతకంటే ఏం కావాలి?

ఆ పేరు దగ్గర మాత్రం పద్మకుమారి మనసు కొంచెం తడబడుతుంది. తొలి పోస్టింగులో గిరిబాబు ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆర్నెల్లు ఆమె వండిందే తిన్నాడు. ఆమెని అక్కా అని పిలిచే మనిషి ఇవాళ అతనొక్కడే. పండగ పూట ఆమె ఫోన్ మోగిందంటే అది గిరిబాబే. పైగా ఆ బెంచీ మీద ఐదోవాడూ అతనే. సెలవు దొరక్క యాత్రకి రాలేకపోయానని, చివరికి స్నేహితుడి శవానికి తానే పంచనామా చేయించాల్సి వచ్చిందని ఫోన్లో చెప్పినప్పుడు అతని గొంతు వణికింది. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

ఏటి ఒడ్డున పాత బొలెరో ఆగి ఉంది. వెనక తలుపు తెరిచి నరసింగరావు కూర్చున్నాడు. కోటబొమ్మాళిలో వరి రైతు. పోలీసులు ఈ చోటు వదలొద్దన్నారని మనిషి రెండు రోజులుగా గడ్డం కూడా గీసుకోలేదు.

"కోతల ముందు చేను వదిలి ఎలా వచ్చావు నరసింగరావూ?"

"ఉండమనడానికి ఇంట్లో ఎవులున్నారండి? మా యావిడ పోయి రెండేళ్ళయింది. సేనుకి నీరు నాను ఎట్టకపోతే పక్కోడు ఎడతాడు. నాతో మాట్టాడ్డానికి పక్కోడు రాడు కదండి." అతను అరచేతులు చూసుకున్నాడు. "ధర్మేంద్ర ఫోన్ సేసి, ఒరే, మనకింకా ఏరుంది కదరా అన్నాడు. వచ్చీసాను."

"తెప్ప నడిపిందెవరు?"

"గంగులే. మాకేటి తెలుసు? నాకు ట్రాక్టరు తెలుసు, సుహాసినికి వీణ తెలుసు, ధర్మేంద్రకి పేపరు తెలుసు. రోజుకొకలం బొలెరో రోడ్డమ్మట తెచ్చీవోలం. మిగతా ముగ్గురూ తెప్పలో."

"గంగులు కోపిష్టా?"

"కోపమని కాదండి. మొదట్రోజు మాత్రం గట్టిగా తిట్టాడు. బూట్లతో తెప్ప ఎక్కబోయాం మరి. తెప్పంటే గంగమ్మతల్లిరా, తల్లి మీద సెప్పుకాలు ఎడతార్రా అన్నాడు. గుజరాతు వేరావల్లో మరబోట్ల మీద పదేళ్ళు తిరిగొచ్చినోడు, ఈ రబ్బరుదానికి కూడా దండం ఎట్టుకున్నాడు. మేం నవ్వుకున్నాం. నవ్వుకున్నాం గానీ ఆ తర్వాత ఎవలం సెప్పుల్తో ఎక్కలేదు. అన్నీ బొలెరో పక్కన వరసగా ఇడిసీవోలం."

పద్మకుమారి బొలెరో పక్కన నేల వైపు చూసింది. "ఈ సంగతి సీఐకి చెప్పావా?"

"అడగందే ఎలగ సెప్తానండి? అరిసాడా లేదా అన్నదొక్కటే అడిగాడు."

"మరి గంగులు చెప్పులు తెప్పలో దొరికాయంటే నీకు ఆశ్చర్యమనిపించలేదా?"

నరసింగరావు తల దించుకున్నాడు. "ధర్మేంద్ర మొహం సూసేక ఇంకేటీ తోచలేదండి. తర్వాత... గంగులే సేసాడేమో అని కూడా అనిపించింది. మనసు అలగ ఎల్లిపోయింది. తప్పే."

తప్పని తెలిసినవాణ్ని ఇంకేం అంటాం? పద్మకుమారి లేచింది.

సుహాసిని దూరంగా ఇసుకలో ఒక్కతే కూర్చుంది. విజయనగరంలో పిల్లలకి వీణ నేర్పుతుంది. భర్తతో విడిపోయి ఒంటరిగా ఉంటోంది. ఆమె చెప్పిన వీధి పేరు విని పద్మకుమారికి నవ్వొచ్చింది. తన మేడగదికి రెండు సందుల అవతలే. ఇన్నేళ్ళూ ఇద్దరూ ఒకే కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుకునే ఉంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"గంగులు ఎందుకు అరిచాడు?"

"మాటలు వినపడలేదండీ. ఏటి హోరు. కానీ ఎప్పుడు అరిచాడో చెప్పగలను." సుహాసిని వేలితో చూపించింది. ఇసుకలో పాతిన తెడ్డుకి నారింజరంగు లైఫ్ జాకెట్ ఒకటి వేలాడుతోంది. దాని మీద నల్ల రంగుతో 'గిరి' అని రాసి ఉంది. "ధర్మేంద్ర ఐదు కొన్నాడు. గిరి రానన్నా సరే, వాడిది వాడికి ఉండాలన్నాడు. దారంతా అది బొలెరోలోనే ఉంది. ఆ సాయంత్రం పైన ఘాటు మలుపు దాకా వెళ్ళి ఫోన్ చేసుకొచ్చాడు. సిగ్నల్ అక్కడ తప్ప రాదు. వచ్చీ రాగానే ఆ జాకెట్ తీసి తెడ్డుకి తగిలించాడు. ఎవరికిరా అంటే నవ్వాడు. గంగులు అరిచింది అప్పుడే."

"తెప్ప కొట్టుకుపోయిందని ముందు చూసింది నువ్వేనా?"

"నేనే." ఆమె ఫోన్ తీసింది. "తెల్లవారుతుండగా మొహం కడుక్కుందామని వెళ్తే రెల్లులో ఇరుక్కుని ఉంది. రాత్రి తాడు కట్టింది ధర్మేంద్ర. చూడరా నీ ముడి అని ఏడిపిద్దామని ఫోటో తీశాను. వాడు డేరాలో నిద్రపోతున్నాడనుకున్నాను."

ఆ ఫోటో పద్మకుమారి చాలాసేపు చూసింది. వేళ్ళతో పెద్దది చేసి చూసింది. తెప్ప మధ్యలో రెండు రబ్బరు చెప్పులు, నీలి పట్టీలు, ఒక పట్టీకి తెల్లటి దారంతో కుట్టు.

"వలదారం," అంది సుహాసిని. "కాలేజీలోనూ అంతే. తెగిన చెప్పుని గంగులు ఎప్పుడూ పారేయడు, వల అల్లే దారంతో కుట్టేస్తాడు. మేమంతా దాన్ని చూసే వాడి చెప్పులు గుర్తుపట్టేవాళ్ళం."

"అప్పటికి పోలీసులు వచ్చారా?"

"అబ్బే. శవం కనపడ్డాక కదా నరసింగరావు మలుపు దగ్గరికెళ్ళి ఫోన్ చేసింది. వాళ్ళొచ్చేసరికి బాగా ఎండెక్కింది."

"ఈ ఫోటో ఎవరికైనా చూపించావా?"

"ఎవరికి చూపించాలండీ? ఎవర్ని ఏడిపిద్దామనుకున్నానో వాడే లేడు."

పద్మకుమారి గంగులు తరఫున వాదించే అడ్వకేట్ అనూరాధ నంబరు ఆమె ఫోన్లో ఎక్కించింది. "సిగ్నల్ దొరగ్గానే ఇది ఆమెకి పంపు. వెళ్ళిందంటే నరసింగరావుని హారన్ రెండుసార్లు కొట్టమను. ఈలోగా ఎవరితోనూ ఈ మాట అనకు."

తర్వాత ఆమె నీటి అంచుకి వెళ్ళింది. తెప్పని పోలీసులు తెచ్చి గుంజకి కట్టారు. చెప్పులు ఒడ్డున విడిచి అందులోకి అడుగుపెట్టి, వంగి ప్రతి మూలా తడిమింది. రక్తం లేదు. పెనుగులాట గుర్తులేవీ లేవు. గాలి నింపిన పక్క గొట్టానికి గీత కూడా పడలేదు. ధర్మేంద్ర మీద దెబ్బ ఇందులో పడలేదు. తెప్పని ఎవరో ఊరికే వదిలారు, లోపల చెప్పులు పెట్టి మరీ వదిలారు.

బొలెరో పక్కన ఆ రాత్రి చెప్పుల జతలు వరసగా ఉన్నాయి. చీకట్లో వచ్చినవాడు వాటిలోంచి సరిగ్గా గంగులు చెప్పులే ఏరుకున్నాడంటే వాడికి వలదారం కుట్టు సంగతి తెలియాలి. అంటే పాత స్నేహితుడై ఉండాలి. తీసుకెళ్ళి తెప్పలో పెట్టాడంటే, గంగులు చేత తిట్లు తినని వాడై ఉండాలి. తెప్ప ఎక్కిన ప్రతివాడికీ తెలుసు, గంగులు చెప్పులు ఎక్కడైనా ఉండొచ్చు గానీ తెప్పలో ఉండవని. పాత స్నేహితుడు, ఈ తెప్ప ఎన్నడూ ఎక్కనివాడు.

పేరు దానంతటదే వచ్చి ఎదురుగా నిలబడింది. పద్మకుమారి దాన్ని పక్కకి నెట్టడానికి ప్రయత్నించింది. పోలీసు జీపు దిగుతున్న చప్పుడు వినపడినప్పుడు కూడా ఇంకా నెడుతూనే ఉంది.

గిరిబాబు దిగాడు. వెనక కానిస్టేబుల్ కూర్మయ్య, బేడీలతో గంగులు. ముద్దాయి చేత స్థలం చూపించి రాయించుకునే తంతు ఒకటి మిగిలింది.

"ఇంత దూరం బస్సులో వచ్చావేటక్కా? సెప్తే జీపు పంపేవోణ్ని కదా."

"నీ జీపులో వస్తే నువ్వు చూపించిందే చూడాలి గిరీ."

అతను నవ్వాడు. "సూడ్డానికేటుంది? వాడు ఒప్పీసుకున్నాడు."

"ఏమని?"

"సెప్పులు నావేనని."

"చెప్పులు తనవని ఒప్పుకుంటే హత్య ఒప్పుకున్నట్టా? ఇదేనా నేను నీకు నేర్పింది?"

కూర్మయ్య మొహం తిప్పుకున్నాడు. గిరిబాబు నవ్వు తగ్గింది. "నువ్వు మానీసి ఎన్నాళ్ళయిందక్కా? ఇప్పుడు రోజులు అలగ లేవు. మరిడమ్మ నీ కాళ్ళ మీద పడ్డాది, నువ్వు కరిగిపోయావు. నాకు మాత్రం బాధ లేదేటి? ఇద్దరూ నా స్నేహితులే."

"అందుకే ఈ కేసు నువ్వు చూడకూడదు."

"మరెవరు సూస్తారు? ఈ సర్కిల్లో ఇంకెవరున్నారు?"

ఆమె గంగులు వైపు తిరిగింది. రెండు రోజుల్లో మనిషి సగమైపోయాడు. కాళ్ళకి చెప్పులు లేవు, అవి సీలేసిన సంచిలో ఉన్నాయి. "గంగులూ, నీ చెప్పులు ఎక్కడ దొరికాయో నీకు చెప్పారా?"

"లేదమ్మా. నీవేనా అన్నారు. నావేనన్నాను."

"అక్కా, ముద్దాయితో నువ్వు మాట్లాడకూడదు," అన్నాడు గిరిబాబు.

"ఒక్కటే. ఆ సాయంత్రం ధర్మేంద్రని ఏమని అరిచావు?"

గంగులు తెడ్డుకి వేలాడే జాకెట్ వైపు చూశాడు. "రానోడికోసం సూడ్డం మానీరా అన్నాను. వస్తాడు సూడు అన్నాడు. అంతే. ఆ మాట అని ఎల్లి పడుకున్నాను. అదే ఆడితో ఆకరి మాట." బేడీల చేతులు దించుకున్నాడు. "స్టేషన్లో సెప్పాను. ఎవులూ రాసుకోలేదు. ఈలు కూడా నా దిక్కు సూడ్డం మానీసారు. ఇంకెవులికి సెప్పీది?"

సుహాసిని చేతుల్లో మొహం దాచుకుంది. గిరిబాబు గడియారం చూసుకున్నాడు.

"సరే గిరీ," అంది పద్మకుమారి. "తెప్పలో ఎవరెక్కడ కూర్చునేవాళ్ళో నరసింగరావునీ సుహాసినినీ ఒకసారి చూపించమను. తర్వాత నేను వెళ్ళిపోతాను."

అతను భుజాలు ఎగరేశాడు. నరసింగరావు వచ్చాడు. నీటి అంచున ఆగి, ఎవరూ చెప్పకుండానే, చెప్పులు విడిచి తెప్ప ఎక్కాడు. సుహాసిని కూడా అంతే, పక్కపక్కనే విడిచింది. తెడ్డుకున్న జాకెట్ తీసుకుని పద్మకుమారి ఎక్కింది, ఆమె చెప్పులు ముందే ఒడ్డున ఉన్నాయి.

"ధర్మేంద్ర చోటు ఖాళీగా ఉంది. నువ్వు కూర్చో గిరీ."

గిరిబాబు వచ్చి కూర్చున్నాడు. బూట్లతో.

ఒడ్డు మీంచి గంగులు అన్నాడు, ముద్దాయి సీఐతో అన్నట్టు కాదు, బెంచీ మీద పక్కవాడితో అన్నట్టు. "ఒరే గిరీ, బూట్లిప్పరా. అమ్మరా అది."

గిరిబాబు కిందికి చూశాడు. చుట్టూ వట్టి పాదాలు. మధ్యలో తన నల్ల బూట్లు. అప్పుడు కూడా అతనికి పూర్తిగా అర్థం కాలేదేమో. "రబ్బరు తెప్ప కూడా అమ్మేటిరా?" అన్నాడు. కానీ నరసింగరావు అతని బూట్ల వైపు చూస్తున్నాడు, సుహాసిని నరసింగరావు వైపు చూస్తోంది, ఆమె పెదవులు ఏదో అనబోతున్నాయి. పద్మకుమారి ఆమె మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది.

"సుహాసినీ, ఇక మీరు బొలెరోలో పైకి వెళ్ళండి. నేను చెప్పిన పని చూడు. కూర్మయ్యా, గంగుల్ని కూడా జీపులో పైకి తీసుకెళ్ళి మలుపు దగ్గర ఉండండి. నేనూ మీ సీఐ గారూ రెండు మాటలు మాట్లాడుకుని వస్తాం."

కూర్మయ్య గిరిబాబు వైపు చూశాడు. గిరిబాబు వెళ్ళమన్నట్టు తలూపాడు. బళ్ళ చప్పుడు కొండలోకి దూరమైంది, తెప్పలో ఇద్దరే మిగిలారు.

ఆమె కూడా వెళ్ళిపోవాల్సింది. అనుమానితుడితో ఒంటరిగా ఉండొద్దని ట్రైనీలకి మొదటి వారమే చెప్తారు. గిరిబాబుకి ఆ పాఠం చెప్పింది ఆమే. కానీ ఏం చేస్తుంది, లోకం మీద ఒక్కడు మిగిలాడు తనని అక్కా అనేవాడు. వాడి సంగతి పైవాళ్ళకి చెప్పేముందు వాడి నోటితో వినాలనిపించింది.

"చెప్పులు తెప్పలో ఎందుకు పెట్టావు గిరీ?"

అతను పెద్దగా ఊపిరి వదిలాడు. "కేసు నిలబడాలి కదక్కా. పొద్దున్న పంచనామా ముందు పెట్టాను. సేసింది వాడే, సాక్ష్యమే లేదు. సర్వీసులో నువ్వు ఇలాటివి సూళ్ళేదేటి?"

"చూశాను. చేయలేదు." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు పొద్దున్న పెట్టలేదు. నువ్వు రాకముందే, ఇంకా తెల్లారుతుండగానే, సుహాసిని ఈ తెప్పని ఫోటో తీసింది. అందులో చెప్పులున్నాయి."

గిరిబాబు మొహంలో రంగు పోయింది.

"చీకట్లో వలదారం గుర్తుపట్టావు. స్నేహితుడివి కాబట్టి. తెప్పలో పెట్టావు. వాళ్ళతో రాలేదు కాబట్టి. వచ్చి ఒక్కరోజు తిట్లు తినుంటే ఈ పొరపాటు చేసేవాడివి కాదు గిరీ."

ఏరు చప్పుడు చేస్తూనే ఉంది. పొద్దు కొండ వెనక్కి వాలుతోంది.

"స్టేషన్లో ఒక కుర్రోడు పోయాడక్కా," అన్నాడు చివరికి. "గుండాగిపోయిందని రాయించాను. ధర్మేంద్రకి ఎవలు సెప్పారో, అంతా తెలుసుకున్నాడు. పేపర్లో ఏసే ముందు నీ నోటితో ఇంటానురా, రా, నీ జాకెట్ బయట ఎట్టి ఉంచుతాను అన్నాడు. వచ్చాను. అందరూ పడుకున్నారు. కింద బండల దాకా నడిసాం. బతిమాలాను. ఇన్లేదు. సెయ్యి ఇసిరాను. బండ మీద పడ్డాడు."

"పడ్డాక బతికే ఉన్నాడా?"

అతను మడుగు వైపు చూశాడు. పద్మకుమారికి ఏడుపొచ్చింది. అది ధర్మేంద్ర కోసమో, ఆర్నెల్లు తన చేతి అన్నం తిన్న కుర్రాడి కోసమో ఆమెకే తెలియదు.

పై నుంచి హారన్ మోగింది. ఆగి, మళ్ళీ ఒకసారి మోగింది.

"ఏటది?"

"ఫోటో వెళ్ళింది గిరీ. ఇక నువ్వు ఏం చేసినా గంగులు ఇంటికే వెళ్తాడు." మరిడమ్మకి చెప్పాల్సిన జవాబు దొరికింది. చెప్పడానికి తను వెళ్తుందా అన్నదే తేలలేదు.

గిరిబాబు ఆమె ఒళ్ళో ఉన్న జాకెట్ మీద తన పేరు చదువుకున్నాడు. "ఆ రాత్రి సీకట్లో సూళ్ళేదు. నిజంగానే బయట ఎట్టి ఉంచాడన్నమాట," అన్నాడు. తర్వాత వంగి, తీరిగ్గా, ఒక్కొక్క లేసూ విప్పుకుని బూట్లు తీశాడు. చెయ్యి చాపి వాటిని ఒడ్డున ఇసుకలో, ఆమె చెప్పుల పక్కన పెట్టాడు.

"గిరీ, ఒడ్డుకి పద. నేను నీతో వస్తాను. స్టేషన్‌కైనా, కోర్టుకైనా నేను వస్తాను."

"నీకు ఈత రాదు కదక్కా?"

"రాదని నీకు తెలుసు."

"మరి అది ఏసుకో," అన్నాడు జాకెట్ చూపించి. అంటూనే గుంజకున్న తాడు విప్పాడు.

ఆమె జాకెట్ పట్టీల కోసం తడుముకుంది. వట్టి పాదంతో అతను ఒడ్డుని ఒక్క తోపు తోశాడు. తెప్ప నెమ్మదిగా తిరిగి, ధర్మేంద్ర దొరికిన బండల వైపు బయల్దేరింది.